చర్చి నడిపే అసైలం ఇంట్లో ఇంటర్న్‌గా చేరేముందు: వీసా, కాగితాలు, దుబాసీ పని

పాలపిట్ట
అందరికీ నమస్కారం. మా చెల్లెలు టెక్సాస్‌లో సోషల్ వర్క్‌ మాస్టర్స్ చదువుతోంది, ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద. ఒక చర్చి వాళ్లు అసైలం (శరణు కోరే) కేసుల్లో ఉన్న కుటుంబాలకు ఇల్లు నడుపుతున్నారు. "శాంతి, న్యాయం ఇంటర్న్" అని ఏడాది పాటు రమ్మంటున్నారు. జీతం లేదు. గది, భోజనం, నెలకు కొంత చేతిఖర్చు ఇస్తారట. వీసాకు ఇబ్బంది అవుతుందా? రోజూ చేయాల్సిన పని ఏమిటి? మేం క్రైస్తవులం కాదు, పర్వాలేదా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు
పాలపిట్ట గారూ, ముందు వీసా సంగతి తేల్చుకోండి. జీతం లేదు కాబట్టి ఉద్యోగం కాదనుకుంటారు చాలామంది. గది, భోజనం, చేతిఖర్చు మూడూ ప్రతిఫలం కిందికే వస్తాయి. పనికి బదులుగా అవి తీసుకుంటే అది ఉద్యోగమే. అనుమతి లేకుండా చేస్తే ఎఫ్-1 స్టేటస్ పోతుంది.

మీ చెల్లెలికి మంచి దారే ఉంది. సోషల్ వర్క్ మాస్టర్స్‌లో ఫీల్డ్ ప్రాక్టికమ్ తప్పనిసరి. ఆ ఇంటిని యూనివర్సిటీ ఫీల్డ్ ప్లేస్‌మెంట్‌గా ఒప్పుకుంటే సీపీటీ (చదువులో భాగంగా పని చేసే అనుమతి) ఇస్తారు. అప్పుడు గది తీసుకున్నా తప్పు లేదు. ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి పత్రం) రెండో పేజీలో ఆ సంస్థ పేరు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ అచ్చయి రావాలి. ఆ తేదీకి ఒక్కరోజు ముందు కూడా పని మొదలుపెట్టొద్దు. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఆ డిగ్రీ మీద ఓపీటీ (చదివిన రంగంలో పని చేసే అనుమతి) రాదు. అందుకే ఏడాదంతా ఫుల్‌టైమ్ అంటే ఒప్పుకోవద్దు. వారానికి 20 గంటలు, అంతకు లోపు ఉంటే అది పార్ట్‌టైమ్, ఓపీటీకి ఢోకా లేదు.

చదువయ్యాక మామూలు ఓపీటీలో కూడా చేయొచ్చు. చదివిన చదువుకు సంబంధించిన పనై, వారానికి కనీసం 20 గంటలుంటే జీతం లేకపోయినా నిరుద్యోగం కింద లెక్కరాదు. నిరుద్యోగానికి ఉన్న 90 రోజుల గడియారం ఆగుతుంది. స్టెమ్ ఓపీటీకి (సైన్స్, టెక్నాలజీ చదివినవాళ్ల పొడిగింపు) ఈ వెసులుబాటు లేదు, దానికి జీతం ఉండి తీరాలి. కంప్యూటర్స్ చదివిన మనవాళ్లు ఈ రెంటినీ కలిపేసుకుని ఇరుక్కుంటారు.

వీటిలో ఏదీ కుదరకపోతే శనివారం వెళ్లి వంట చేసి, బట్టలు సర్ది, సాయంత్రానికి ఇంటికి రావచ్చు. ఎప్పుడూ వాలంటీర్లే చేసే పనిని ఏమీ పుచ్చుకోకుండా చేస్తే ఇబ్బంది రాదు. ఏం చేసినా ముందు యూనివర్సిటీ డీఎస్‌ఓతో (విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారి) ఈమెయిల్‌లో మాట్లాడి, ఆ జవాబు దాచుకోండి.

కొల్లేటి కొంగ
రెండో ప్రశ్నకు నేను చెబుతాను, కాస్త పొడవు అవుతుంది.

శాంతి, న్యాయం అనేసరికి సభలు, ఊరేగింపులు అనుకుంటారు. రోజులో ముప్పాతిక భాగం కాగితాలు, తేదీలు, ఫోన్లు, కారు. ఒక మనిషి కేసు గెలవాలా అన్నది లాయరు, జడ్జి చూసుకుంటారు. ఆ కేసు ఒక కవరు పోవడం వల్లో, తేదీ తప్పడం వల్లో పోకుండా చూసేది మాత్రం ఇంటర్నే. ఇంతకన్నా పెద్ద న్యాయం పని ఆ ఇంట్లో ఇంకోటి లేదని నా నమ్మకం.

కుటుంబం వచ్చిన మొదటి రోజు ఏమీ అడగొద్దు. అన్నం, స్నానం, నిద్ర. రెండో రోజు ఒక్కొక్కరికీ ఒక ఫోల్డరు పెట్టండి. కుటుంబానికంతా ఒకటి కాదు, పసిబిడ్డకు కూడా విడిగా. అందరికీ వేర్వేరు ఏ-నంబర్లు (ఇమిగ్రేషన్ వాళ్లిచ్చే గుర్తింపు సంఖ్యలు) ఉంటాయి, 9 అంకెలు. కాగితం మీద 8 కనిపిస్తే ముందు సున్నా చేర్చుకోవాలి. తర్వాత నోటీస్ టు అప్పియర్ (కోర్టుకు రమ్మనే నోటీసు) తీసి నాలుగు చూడండి: ఏ-నంబరు, అందులో అచ్చయిన చిరునామా, విచారణ తేదీ, ఊరు. ఆ కాగితం మీద ఉన్న తేదీని నమ్మి కూర్చోవద్దు. ఇమిగ్రేషన్ కోర్టు ఆటోమేటెడ్ నంబరు 1-800-898-7180 కి ఫోన్ చేసి ఏ-నంబరు కొడితే అసలు తేదీ చెబుతుంది. ఆన్‌లైన్లోనూ చూడొచ్చు. విచారణలు వెనక్కే కాదు, ముందుకూ జరుగుతాయి. కాబట్టి ప్రతి సోమవారం పొద్దున ఇంట్లో ఉన్న అందరి నంబర్లూ కొట్టి చూసి గోడమీది క్యాలెండర్‌తో సరిపోల్చాలి. క్యాలెండర్‌లో పేర్లు రాయొద్దు, ఇంట్లో వాడే గుర్తులు రాయండి, బయటివాళ్లు వచ్చిపోతుంటారు.

విచారణకు వెళ్లకపోతే జడ్జి ఆ మనిషి లేకుండానే బహిష్కరణ ఉత్తర్వు ఇచ్చేస్తారు. దాన్ని తిరగతోడటం చాలా కష్టం.

ఎక్కువ కేసులు చెడేది చిరునామా దగ్గర. ఇల్లు మారిన 5 రోజుల్లో కోర్టుకు ఈఓఐఆర్-33 అనే చిరునామా మార్పు ఫారం, ఒక్కొక్కరికీ ఒకటి, ప్రభుత్వ లాయరుకు ఒక నకలు. 10 రోజుల్లో హోంల్యాండ్ సెక్యూరిటీకి ఏఆర్-11, అదీ అలాంటి ఫారమే. ఒకటి పంపితే రెండోదానికి దానంతటదే వెళ్తుందనుకోవద్దు, వెళ్లదు. ఇంకో ఉచ్చు ఉంది. చిరునామా మార్చినంత మాత్రాన కేసు ఈ ఊరి కోర్టుకు రాదు. ఎల్ పాసోలో కేసు ఉండి మనిషి హ్యూస్టన్‌కి వస్తే, కోర్టు మార్చమని విడిగా మోషన్ వేయాలి. జడ్జి ఒప్పుకునేదాకా ఎల్ పాసో తేదీ ఎల్ పాసోలోనే.

పోస్టు సంగతి. ఇరవై మంది ఉండే ఇంటికి ఒకటే డబ్బా. కొత్త పేరు డబ్బా మీద లేకపోతే పోస్టుమేన్ ఉత్తరం వెనక్కి పంపేస్తాడు. మనిషి వచ్చిన రోజే పేరు అతికించండి. వచ్చిన ప్రతి కవరూ ఒక నోటు పుస్తకంలో ఎక్కాలి: తేదీ, ఎవరికి, ఎక్కణ్నుంచి, చేతికి ఎప్పుడు ఇచ్చారు, సంతకం. కవరు చించి పారేయొద్దు, లోపలి కాగితానికి స్టేపుల్ చేయండి. నోటీసు ఆలస్యంగా వచ్చిందని నిరూపించేది కవరు మీది పోస్టు ముద్రే.

బెజవాడ వంతెన
అన్నా, ఐ-589 (అసైలం దరఖాస్తు) ఇంటర్నే నింపొచ్చా? చాలా చోట్ల నింపేస్తున్నారు కదా.

కొల్లేటి కొంగ
లేదు తమ్ముడూ. లాయరు గానీ, న్యాయశాఖ గుర్తింపు పొందిన అక్రెడిటెడ్ ప్రతినిధి గానీ పైన ఉండి చేయించాలి. పాక్షిక గుర్తింపు ఉన్నవాళ్లు యూఎస్‌సీఐఎస్ (ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే సంస్థ) దాకానే, పూర్తి గుర్తింపు ఉన్నవాళ్లు కోర్టులోకి కూడా వెళ్లొచ్చు. ఏ ఫారం వేయాలి, ఏ కారణం కింద పెట్టాలి, ఇప్పుడు వేయాలా ఆగాలా, ఇవన్నీ న్యాయ సలహాలు. ఇంటర్న్ చెబితే అది చట్టవిరుద్ధంగా వకీలు పని చేయడం. దాని దెబ్బ తగిలేది ఇంటర్న్‌కు కాదు, ఆ కుటుంబానికి.

లాయరు చెప్పాక, వాళ్లు చెప్పింది చెప్పినట్టు టైప్ చేయొచ్చు. అలా సిద్ధం చేసినవాళ్లు ఫారం చివర్లో పేరు రాసి సంతకం పెట్టాలి. పెట్టకుండా దాచడం తప్పు.

అన్నిటికన్నా ముఖ్యం, వాక్యాలకు రంగు పూయొద్దు. "తోశారు" అంటే "తోశారు" అనే రాయాలి. జాలికొద్దీ "చంపబోయారు" అని రాస్తే, సరిహద్దులో ఇచ్చిన మొదటి ఇంటర్వ్యూ రికార్డు ప్రభుత్వ లాయరు చేతిలో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి నమ్మకం లేదంటారు. కావాలని కల్పించారని జడ్జి తేలిస్తే ఇక జన్మలో ఏ ఇమిగ్రేషన్ లాభమూ రాకుండా పోతుంది.

గడువు: చివరిసారి దేశంలోకి వచ్చిన రోజు నుంచి ఒక ఏడాదిలో దరఖాస్తు చేరాలి. పోస్టులో వేసిన రోజు కాదు, మామూలుగా వాళ్లకు చేరిన రోజే లెక్క. మార్చి 14న వచ్చిన మనిషికి మీ క్యాలెండర్‌లో మరుసటి ఏడాది ఫిబ్రవరి 1న ఎర్ర గుర్తు పెట్టండి. గడువు దాటిన వాళ్లకు కొన్ని మినహాయింపులున్నాయి. అవి వర్తిస్తాయో లేదో మనం చెప్పొద్దు, ఆ రోజే లాయరు దగ్గరికి పంపండి.

తుంగభద్ర
తెలుగువాళ్లు ఇంటర్న్‌గా ఉన్నారంటే ఎప్పుడో ఒకప్పుడు తెలుగు మాట్లాడే మనిషి కేసు వస్తుంది, "మీరే దుబాసీగా రండి" అంటారు. ఆ మాటకు ముందే సిద్ధం కావాలి.

ఇమిగ్రేషన్ కోర్టులో దుబాసీని కోర్టే పెడుతుంది. అసైలం ఆఫీసు ఇంటర్వ్యూకు మాత్రం 2023 సెప్టెంబరు 13 నుంచి దరఖాస్తుదారే దుబాసీని తెచ్చుకోవాలి. దుబాసీకి 18 ఏళ్లు నిండాలి. ఆ కేసులో లాయరు, సాక్షి దుబాసీగా కూర్చోకూడదు. స్వదేశ ప్రభుత్వ ప్రతినిధి అసలే కూడదు. దుబాసీ రాకపోతే తప్పు దరఖాస్తుదారు మీద పడుతుంది, వర్క్ పర్మిట్ కోసం లెక్కపెట్టే రోజుల గడియారం ఆగిపోతుంది.

ఇక మన భాషలో ఉన్న చిక్కులు. ఇవి తెలియని దుబాసీ మంచి కేసును పాడుచేస్తాడు.

"అన్న." పెదనాన్న కొడుకూ అన్నే, మేనత్త కొడుకును బావ అంటాం గానీ ఊళ్లో పెద్దవాడినీ అన్న అనే పిలుస్తాం. దాన్ని నేరుగా బ్రదర్ అని చెప్పేస్తారు. ఫారంలో తోబుట్టువులు లేరని ఉంటుంది. ఆఫీసరు వెంటనే పట్టుకుంటారు. దుబాసీ తనంతట తాను దిద్దకూడదు. "ఈ మాటకు తెలుగులో రెండు మూడు అర్థాలున్నాయి, అడగనివ్వండి" అని ఆఫీసరుకు చెప్పి, సొంత అన్నా, పెదనాన్న కొడుకా అని అడిగి చెప్పాలి.

"వచ్చారు." ఒక్క ఎస్సై వచ్చినా "వచ్చారు" అంటాం, పదిమంది వచ్చినా "వచ్చారు" అంటాం. ఇంగ్లీషులో ఒకరా పలువురా తేలాలి. మొదటి ఇంటర్వ్యూలో ఒకరని, రెండోసారి పలువురని వెళ్తే అది కథ మారినట్టే కనిపిస్తుంది.

"సోమవారం రాత్రి రెండు గంటలకు." మనకు తెల్లారేదాకా సోమవారమే. వాళ్ల లెక్కలో అది మంగళవారం. ఎఫ్‌ఐఆర్‌లో మంగళవారం తేదీ ఉంటుంది, వాంగ్మూలంలో సోమవారం ఉంటుంది. దీన్ని ముందే వాంగ్మూలంలో ఒక్క వాక్యంగా లాయరుతో పెట్టించుకోవాలి.

తేదీలు కూడా. 05/03 మనకు మార్చి 5, అక్కడ మే 3. అనువాదంలో నెలను అక్షరాల్లో రాయండి, గొడవ ఉండదు.

ఇంటిపేరు మరో తలనొప్పి. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉంటే ఇక్కడ రికార్డుల్లో ముందు పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (ముందు పేరు తెలియదు అని) పడుతుంది. కొందరికి ఇంటిపేరు ముందు, కొందరికి వెనక. సర్టిఫికెట్లలో ఎన్ని రకాలుగా ఉందో అన్నీ ఒక పట్టీ రాసి ఫోల్డరు పైనే పెట్టండి, ఫారంలో "ఇతర పేర్లు" దగ్గర అవన్నీ వెళ్లాలి.

ఓరుగల్లు
అక్క చెప్పినవాటికి ఎఫ్‌ఐఆర్ అనువాదం గురించి ఒకటి చేరుస్తాను. 2024 జూలై 1 నుంచి మన దగ్గర ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత ఎఫ్‌ఐఆర్‌లో ఐపీసీ సెక్షన్ ఉంటే అదే నంబరు ఉంచాలి, కొత్త నంబరుకు మార్చి "సాయం" చేయొద్దు. ముద్రలు, చేతిరాత, కొట్టివేతలు కూడా "ఇక్కడ గుండ్రటి ముద్ర, చదవడానికి లేదు" అని అనువాదంలో రాయాలి. చివర అనువాదకుడి ప్రకటన ఉండాలి: రెండు భాషలూ వచ్చు, అనువాదం పూర్తిగా, సరిగ్గా ఉంది అని, పేరు, సంతకం, చిరునామా, తేదీ. నోటరీ అక్కర్లేదు. దానికి డబ్బు పోసేవాళ్లను ఆపండి.

బెజవాడ వంతెన
వర్క్ పర్మిట్ ఎప్పుడు వస్తుంది? ఫీజులు పెరిగాయంటున్నారు.

కొల్లేటి కొంగ
ఐ-589 చేరిన 150 రోజులకు ఐ-765 (వర్క్ పర్మిట్ దరఖాస్తు) వేయొచ్చు, 180 నిండాకే ఇస్తారు. ఈ లెక్కలో ఆలస్యం దరఖాస్తుదారు వల్ల జరిగితే గడియారం ఆగుతుంది. లాయరును వెతుక్కోవడానికి సమయం కావాలని కోర్టులో అడగడం కూడా అలాంటిదే, తర్వాతి విచారణ దాకా ఆగిపోతుంది. సమయం అడగడం తప్పని కాదు, లాయరు లేకుండా వెళ్లడం ఇంకా ప్రమాదం. అడిగితే ఏమవుతుందో ఆ మనిషికి ముందే తెలియాలి, అంతే.

ఫీజు: 2025 జూలై చట్టంతో ఐ-589 కి 100 డాలర్లు, కేసు నడిచే ప్రతి ఏడాదికీ 100, మొదటి వర్క్ పర్మిట్‌కు 550 అని పెట్టారు. అంతకుముందు దరఖాస్తుకు గానీ, మొదటి పర్మిట్‌కు గానీ పైసా లేదు. పనిచేసే హక్కు లేని మనిషిని పనిచేసే హక్కు కోసం ఇంత డబ్బు కట్టమనడం అన్యాయం, చర్చిల నిధులకూ ఇది బరువే. ధరలను బట్టి ఏటా మారతాయి, కోర్టుల్లో దావాలూ నడుస్తున్నాయి, కట్టే రోజు అధికారిక పేజీ చూడాల్సిందే. ఇంకో సంగతి, 2025 అక్టోబరు 28 తర్వాత యూఎస్‌సీఐఎస్ కాగితం చెక్కులు, మనీ ఆర్డర్లు మామూలుగా తీసుకోవడం లేదు. కార్డుతో అయితే జి-1450 ఫారం జతచేయాలి. బ్యాంకు ఖాతా లేనివాళ్లకు ప్రీపెయిడ్ కార్డు పనికొస్తుంది, సరిపడా డబ్బు ఉందో లేదో చూడాలి. కార్డు తిరస్కరిస్తే మొత్తం దరఖాస్తు వెనక్కి వస్తుంది, ఆ లోపు ఏడాది గడువు దాటిపోవచ్చు.

పాలపిట్ట
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇంటికి ఐస్ (ఇమిగ్రేషన్ అరెస్టులు చేసే ప్రభుత్వ సంస్థ) వాళ్లు వస్తే ఇంటర్న్ ఏం చేయాలి? అమ్మానాన్నలకు అదే భయం.

వేపచెట్టు
అమ్మానాన్నల భయం సహజం. 2025 జనవరి 20న చర్చిలు, బడులు, ఆసుపత్రులను మినహాయించే పాత ఆదేశం రద్దయింది. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ, ఒక బాప్టిస్టు సంఘం, శాక్రమెంటో సిక్కు గురుద్వారా కలిసి వేసిన కేసులో ఫిబ్రవరి 24న మేరీలాండ్ ఫెడరల్ జడ్జి ఆ సంఘాల ప్రార్థనా స్థలాల వరకే రక్షణ ఇచ్చారు. మిగతా చర్చిలకు అది వర్తించదు.

ఇంట్లో ఏ గది అందరిదీ, ఏది లోపలివాళ్లదీ ముందే తేల్చి బోర్డు పెట్టాలి. తలుపు దగ్గర పని ఇది: తలుపు తీయకుండా కాగితాన్ని కిటికీకి ఆనించమనాలి. పైన డిస్ట్రిక్ట్ కోర్టు పేరు, కింద జడ్జి సంతకం, లోపల ఈ ఇంటి చిరునామా ఉన్నాయా చూడాలి. ఐ-200, ఐ-205 అని ఉండి ఐస్ అధికారి సంతకం ఉంటే అది జడ్జి వారెంట్ కాదు. ఫోటో తీసి లాయరుకు పంపాలి. "మా బాధ్యుడు వచ్చేదాకా అనుమతి ఇవ్వలేను" అని ఒక్క మాట చెప్పాలి. బలవంతంగా వస్తే అడ్డం నిలబడొద్దు, అబద్ధం చెప్పొద్దు, ఎవరినీ దాచొద్దు, పారిపొమ్మని చెప్పొద్దు. చూసింది రాసుకోవాలి: సమయం, ఎంతమంది, బ్యాడ్జీ నంబర్లు. ఇది నెలకోసారి రిహార్సల్ చేయని ఇంట్లో చేరొద్దని చెప్పండి. వీసా మీద ఉన్న ఇంటర్న్‌ను తలుపు బాధ్యతలో పెట్టకూడదు, అది ముందే రాతపూర్వకంగా అడగండి.

కోర్టుకు తోడు వెళ్లడం కూడా ఈ పనిలో భాగమే. 2025 మే నుంచి కోర్టు వరండాల్లోనే అరెస్టులు జరుగుతున్నాయి. ఆ జూన్ 20న శాన్ డియేగో బిషప్ మైకేల్ ఫామ్, తానూ వియత్నాం నుంచి శరణార్థిగా వచ్చినవారే, స్వయంగా కోర్టుకు వెళ్లి కూర్చున్నారు. తోడు వెళ్లేవాళ్లు ముందురోజే మూడు రాయించుకోవాలి: లాయరు నంబరు, పిల్లలను బడి నుంచి ఎవరు తీసుకురావాలి, మందులు ఏమిటి. కాలికి మానిటర్ (ఎక్కడున్నారో కనిపెట్టే పరికరం) ఉన్నవాళ్లు రోజుకు సుమారు రెండు గంటలు గోడ ప్లగ్గు పక్కనే కూర్చుని ఛార్జింగ్ పెట్టుకోవాలి. కోర్టు రోజు పొద్దున అది అయిందో లేదో చూడండి. భోజనాల బల్ల దగ్గరికి చేరే పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు కొనిపెడితే అన్నం తింటూ అయిపోతుంది, నలుగురిలో కూర్చోగలుగుతారు.

తుంగభద్ర
మతం ప్రశ్న మిగిలింది. శరణు కోరేవాళ్లకు ఆశ్రయమిచ్చే ఈ ఉద్యమం పుట్టిందే చర్చిలో. 1982 మార్చి 24న అరిజోనా రాష్ట్రం టూసాన్‌లోని సౌత్‌సైడ్ ప్రెస్బిటేరియన్ చర్చి, పాస్టర్ జాన్ ఫైఫ్, ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా నుంచి వచ్చినవాళ్లకు బహిరంగంగా ఆశ్రయం ప్రకటించింది. 1986లో ఈ ఉద్యమంలోని ఎనిమిది మందికి శిక్ష పడింది, జైలు కాకుండా ప్రొబేషన్. కాబట్టి ప్రార్థన ఉంటుంది, పొద్దున పది నిమిషాలు మౌనంగా కూర్చోవడం ఉంటుంది. వేరే మతం వాళ్లను తీసుకునే ఇళ్లు చాలానే ఉన్నాయి. అడగాల్సింది ఒకటే: ఇక్కడ ఉండే కుటుంబాలకు ప్రార్థన తప్పనిసరా? అవునంటే వెళ్లొద్దు. పడుకోవడానికి చోటు లేని మనిషి "నాకు ఇష్టం లేదు" అని చెప్పలేడు. పైగా మతం కారణంగా పారిపోయి వచ్చినవాళ్లు అక్కడ ఉంటారు.

వంటింట్లోనూ అదే మర్యాద. పంది మాంసం, గొడ్డు మాంసం గిన్నెలు విడిగా, ఎవరి వంట వాళ్లు చేసుకునేలా పొయ్యికి వేళలు.

బెజవాడ వంతెన
హైదరాబాద్‌లో ఇలాంటి పని ఉందా? బాలాపూర్ వైపు రోహింగ్యాలు ఉన్నారు కదా.

వేపచెట్టు
ఉంది, కానీ చట్టం పూర్తిగా వేరు. భారత్ 1951 శరణార్థుల ఒప్పందంలో లేదు, అసైలం చట్టమూ లేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చే కార్డు గుర్తింపుకు పనికొస్తుంది, నివాస హక్కు ఇవ్వదు. కాబట్టి అమెరికా ఫారాల అనుభవం ఇక్కడ పనికిరాదు. పిల్లల్ని బడిలో చేర్చడం, ఆసుపత్రికి తోడు వెళ్లడం, ఇక్కడ ఇంటర్న్ పని ఎక్కువగా ఇవే. దీనికి విడిగా ఒక చర్చ పెట్టండి, అక్కడ రాస్తాను.

కొల్లేటి కొంగ
పాలపిట్ట గారూ, చెల్లెలు ఆ ఇంటివాళ్లను అడగాల్సినవి చెబుతాను. కేసులు చూసే లాయరు ఎవరు, వారానికి ఎన్ని గంటలు దొరుకుతారు? వారానికి పూర్తి సెలవు ఎన్ని రోజులు? ఇంటర్న్‌తో ప్రతి వారం కూర్చుని మాట్లాడే పెద్దమనిషి ఎవరు? హింస కథలు రోజూ విన్నవాళ్లకు మూడో నెలకు నిద్ర పట్టకపోవడం మామూలే, దానికి ఏర్పాటు ఉండాలి. కుటుంబాలను "ఏం జరిగింది" అని అడగడం లాయరు పని, ఇంటర్న్ తనంతట తాను అడగకూడదు. లాయరు కింద పనిచేయని ఇంటర్న్ విన్న మాటలకు కోర్టులో రహస్య రక్షణ కూడా లేదు. ఫోటోలు, వాట్సాప్ స్టేటస్‌లు అసలు వద్దు, వెనక గోడ కనిపించినా ఇల్లు దొరికిపోతుంది. అప్పులివ్వడం వద్దు, ఒకరికిస్తే ఇంకొకరికి లేదనాలి.

పాలపిట్ట
డీఎస్‌ఓకి ఈరోజే ఈమెయిల్ పెట్టిస్తున్నాను. తలుపు బాధ్యత, లాయరు గంటలు రాతలో అడగమన్నాను. జవాబులు వచ్చాక ఇక్కడే పెడతాను.